ఇన్‌ఛార్జి గారి కారూ, విరిగిన బోల్టూ

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ కింద ఒకాయన లుంగీ ఎగ్గట్టి, ఫోన్‌ని కారు అద్దానికి ఆనించి, తొమ్మిది నిమిషాల వీడియో చూస్తూ ఇంజను మీది మూత విప్పుతున్నాడు. పాత కారు. ఆయిల్ కారుతోందట, మూత కింద కారకుండా వేసే గాస్కెట్ మారుస్తాడట. ఆ వీడియో నాలుగుసార్లు చూశానని గర్వంగా చెప్పాడు. అంటే మొత్తం ముప్పై ఆరు నిమిషాల చదువు.

"బోల్టులు ఎంత బిగించాలో చూసుకున్నారా?" అని అడిగాను.

"గట్టిగా బిగించెయ్యడమేనండీ, దాందేవుంది!" అన్నాడు.

నేను మెట్లెక్కి వచ్చేశాను. ఆయన్ని చూసి నవ్వుకునే హక్కు నాకు లేదు. ఆయన కనీసం తన కారు మీద తన చేత్తో తప్పు చేసుకుంటున్నాడు. నేను వేరేవాళ్ళ కారు మీద వేరేవాళ్ళ చేత్తో చేశాను.

నేను మెకానిక్‌ని కాను. విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీ వాళ్ళ బస్సుల షెడ్డులో ఇరవై ఏడేళ్ళు రిజిస్టర్లు రాశాను. ఏ బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎంత డీజిల్ తాగింది, ఎంత ఆయిల్ పోశాం, ఏ సామాను ఎవరు తీసుకున్నారు, తిరిగిచ్చారా లేదా, అన్నీ నా దగ్గర ఉండేవి. ఇప్పుడా పని ఫోన్‌లో ఒక యాప్ చేస్తోంది. అందుకని యాభై ఒకటో ఏట నాకు శాలువా కప్పి పంపించారు. రిటైర్మెంట్ అంటే కాస్త గౌరవంగా ఉంటుంది కాబట్టి నేనూ ఆ మాటే వాడుతున్నాను. యాప్ లెక్క తప్పదని ఇప్పుడు అందరూ చెప్పుకుంటున్నారు. నా గురించీ అలాగే చెప్పుకునేవారు. ఆ మాట ఒక మనిషిని దాదాపు ముంచేసింది. ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్నవాళ్ళకి ఆ సంగతి చెబుదామనే ఇది రాస్తున్నాను. వింటారన్న భ్రమ నాకేమీ లేదు.

నా చదువు ఇంటర్‌తో ఆగింది. ఇంజన్ల లెక్క నాకు ఎవరూ నేర్పలేదు. మొదటి రెండేళ్ళు ఊరికే అంకెలు రాసుకుంటూ పోయాను. మూడో ఏట ఒకరోజు ఏమీ తోచక, ప్రతి బస్సూ వెయ్యి కిలోమీటర్లకి ఎంత ఆయిల్ తాగుతోందో లెక్క కట్టాను. పదిహేడో నెంబరు బస్సు మిగతావాటికి రెట్టింపు తాగుతోందని తేలింది. పెద్ద మేస్త్రీకి చెప్పాను. నవ్వాడు. నెల తిరక్కుండానే ఆ బస్సు పిల్లలతో సహా గుడివాడ రోడ్డు మీద ఆగిపోయింది. ఆ రోజు నుంచి షెడ్డులో నాకు ఒక పేరు వచ్చింది, నాకు కొంచెం తల తిరిగింది. పేరు అందరికీ కనిపించింది. తల తిరగడం నాక్కూడా కనిపించలేదు.

మా షెడ్డులో మనుషుల్ని పేర్లతో పిలవడం తక్కువ. ఏ ఊరివాణ్ణి ఆ ఊరితో పిలిచేవాళ్ళం. నేను చెప్పబోయే మెకానిక్‌ని అందరం 'మైలవరం' అనేవాళ్ళం. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిదేళ్ళు ఉంటాయి. మాట తక్కువ. ఏడేళ్ళుగా టెంపరరీ. ఇంజను మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, "మూడో సిలిండరు సరిగ్గా కొట్టట్లేదండి" అనేవాడు. విప్పి చూస్తే మూడోదే. నాకిది నచ్చేది కాదు. అరచెయ్యి రిజిస్టర్‌లో ఏ కాలమ్‌లో రాయాలి?

పెద్ద మేస్త్రీ వేరే రకం. ఆయన దగ్గర ప్రతి రోగానికీ ఒకటే మందు, గాస్కెట్ పేస్టు. ఎక్కడ కారినా నిండా పూసేవాడు. గోడకి సున్నం వేసేవాడు కూడా అంత ధారాళంగా వెయ్యడు.

వీళ్ళందరి పైన ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జి గారు. ఆయనకి బస్సుల గురించి తెలిసింది వాటి రంగు. అయితే ఎవరి కాయితం మీద సంతకం పెట్టాలన్నా ఆయనే పెట్టాలి కాబట్టి, ఆయనకి అన్నీ తెలుసని మేమందరం ఒప్పుకున్నాం. ఆయనింట్లో కుళాయి చెడినా, ఫ్యాను తిరక్కపోయినా, ఆదివారం పూట షెడ్డు మనిషి ఒకడు వెళ్ళాలి. అది డ్యూటీ కాదు. 'సాయం'. సాయానికి వెళ్ళినవాడికి పెసరట్టు ఉప్మా పెట్టేవారు. వెళ్ళనివాడికి ఏం పెట్టేవారో తర్వాత జీతాలు పెంచేటప్పుడు తెలిసేది.

ఆయనకి పద్దెనిమిదేళ్ళ నాటి పెట్రోలు కారొకటి ఉండేది. మావగారు చల్లపల్లిలో కొని ఇచ్చినది. ఆ మాట కారెక్కిన ప్రతివాడికీ, దిగేలోపు ఒకసారైనా చెప్పేవారు. కారు కింద ఆయిల్ చుక్కలు పడుతున్నా చాలాకాలం ఆయన పట్టించుకోలేదు. ఆ ఏడు పటమటలోని ఇంటి పోర్టికోలో తెల్ల టైల్సు వేయించారు. మర్నాడే వాటి మీద అప్పడమంత నల్లటి మరక పడింది. మేడం గారు ఏదో అన్నారు. ఏమన్నారో మాకు తెలియదు. ఇన్‌ఛార్జి గారు మాత్రం శనివారం పొద్దున్నే షెడ్డుకొచ్చి అందర్నీ కేకేశారు.

"కారు కింద ఆయిల్ కారుతుందయ్యా. రేపు మనింటి దగ్గర తేల్చెయ్యాలి. ఎవరొస్తారు?"

"కింద కారుతుందంటే చాంబరు గాస్కెట్టేనండి" అన్నాడు పెద్ద మేస్త్రీ, కారుని చూడకుండానే. చాంబరంటే ఇంజను అడుగున ఆయిల్ నిలవుండే తొట్టి. "చాంబరు దింపి, పేస్టు నిండా పట్టించి ఎక్కిద్దాం."

మైలవరం వెనక నిలబడి మెల్లగా, "ఓసారి చూస్తే బాగుంటదండి. పైనుంచి జారి కింద పడతందేమో" అన్నాడు.

"నీకు వినబడిందా చుక్క పడతం?" అన్నాడు పెద్ద మేస్త్రీ. అందరూ నవ్వారు. ఇన్‌ఛార్జి గారు కూడా.

మైలవరం ఆ రోజు ఒక్క మాటైనా మాట్లాడడానికి కారణముంది. అతని కూతురు పదో తరగతిలో ఆరు వందలకి ఐదు వందల డెబ్బై నాలుగు తెచ్చుకుంది. మా కాలేజీలో ఒక నియమం ఉండేది. పర్మనెంటు ఉద్యోగి పిల్లలకి ఇంటర్లో ఫీజు లేకుండా సీటు. టెంపరరీ వాళ్ళకి లేదు. మైలవరాన్ని పర్మనెంటు చేసే కాయితం అప్పటికి ఇరవై రోజులుగా ఇన్‌ఛార్జి గారి బల్ల మీద ఉంది. సీట్లకి ఆఖరి రోజు బుధవారం, సాయంత్రం ఐదింటి దాకా. సంతకం పడితే ఆ పిల్ల చదువుతుంది. పడకపోతే మా కాలేజీ ఫీజు అతని ఏడాది జీతం కంటే ఎక్కువ. షెడ్డులో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆ కాయితం రాసింది నేనే.

అందుకే చెయ్యెత్తి, "రేపు నేనూ మైలవరం వస్తామండి" అన్నాను. మంచితనమని మీరు అనుకుంటారేమో. సగం అంతే. మిగతా సగం, పెద్ద మేస్త్రీ చెప్పింది తప్పని అంకెలతో తేల్చాలన్న దురద.

ఆ మధ్యాహ్నమే ఇన్‌ఛార్జి గారింటికి వెళ్ళాను. పొద్దుటి నుంచీ కదలని కారు కింద దినపత్రిక పరిచి గంటసేపు కూర్చున్నాను. ఒక్క చుక్క పడలేదు. తర్వాత ఇంజను ఆన్ చేయించి పావుగంట లెక్కపెట్టాను. పదకొండు చుక్కలు. చాంబరు కారేదైతే నిలబడి ఉన్నప్పుడూ కారాలి, ఆయిల్ నిలవుండేది అక్కడే కదా. ఇంజను తిరిగినప్పుడే కారుతోందంటే, ఆయిల్ పైకి ఎక్కినప్పుడు పైనుంచే బయటికి వస్తోంది. అంటే ఇంజను నెత్తిమీది మూత. టాపెట్ కవర్ అంటారు. దాని కింద ఉండే రబ్బరు గాస్కెట్ ఎండిపోయిందన్నమాట. మైలవరం చెప్పిందీ అదే. అతను అనుభవం మీద ఊహించి చెప్పాడు, నేను చుక్కలు లెక్కపెట్టి చెప్పాను. ఇన్‌ఛార్జి గారు చుక్కల్నే నమ్మారు.

"అదండీ లెక్కంటే! వీళ్ళు చేతులు, చెవులు అంటారు. మీరు కాయితం మీద చూపించేశారు" అన్నారు.

"చేతిని నమ్మడానికి లేదండి" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. గుర్తుపెట్టుకోండి.

ఆదివారం ఎనిమిదింటికి వెళ్ళాం. ముందు పెసరట్లు. తర్వాత మైలవరం పదో నెంబరు స్పానరుతో ఎనిమిది బోల్టులూ విప్పాడు. కవర్ లేపితే పాత గాస్కెట్ ఎండిన మామిడితాండ్రలా ముక్కలైంది. దాన్ని గీకి, గుడ్డతో తుడిచి, కొత్త రబ్బరు గాస్కెట్‌ని గాడిలో వేలితో నొక్కుకుంటూ కూర్చోబెట్టాడు. పసిపిల్ల కాలికి పట్టీ పెట్టినట్టు అంత నెమ్మదిగా. పెద్ద మేస్త్రీ కూడా వచ్చాడు, పిలవకుండానే. పెసరట్టు తిని, "పేస్టు పూయరా నాయనా, పేస్టు" అంటూ ఉన్నాడు. మైలవరం రెండు మూలల్లో మాత్రం మినపగింజంత పెట్టాడు.

"ఏవిట్రా ఆ పిసినారితనం?"

"ఎక్కువైంది లోపలికే పోద్దండి. ఆయిల్‌తో పాటు తిరిగి జాలీకి అడ్డం పడద్ది."

కవర్ పెట్టి, ఎనిమిది బోల్టులూ ముందు చేత్తో తిప్పి, తర్వాత మధ్య నుంచి అంచులకి, అటొకటి ఇటొకటి, స్పానరుతో బిగించాడు. స్పానరు చివర పట్టుకోలేదు. తలకి దగ్గరగా, రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. ఆగాడు.

"అయిందండి" అన్నాడు.

అప్పుడు నేను సంచిలోంచి రెంచి తీశాను.

ఎంత బిగించామో చూపించే రెంచి అది. పిడి తిప్పి అంకె దగ్గర పెడితే, అంత బిగువు రాగానే 'టక్'మంటుంది, అక్కడ ఆపాలి. షెడ్డులో బస్సు చక్రాల నట్లకి వాడేవాళ్ళం. మూరన్నర పొడవు. పుస్తకంలో చూశాను, ఆ కారు టాపెట్ కవర్ బోల్టుకి బిగువు అంకె పది చాలు. రెంచి మీద అంకెలు మాత్రం నలభైతో మొదలై రెండు వందల దాకా పోతాయి. పది లేదు. మామూలు మనిషైతే ఇది దీనికి పనికిరాదని సంచిలో పెట్టేస్తాడు. నాకు లెక్కలొచ్చు కదా! పిడి ఒక చుట్టు తిప్పితే పది తగ్గుతుంది. నలభై దగ్గర నుంచి ఇంకో మూడు చుట్లు వెనక్కి తిప్పితే పది. మూడో తరగతి పిల్ల కూడా చేసే తీసివేత.

నాకు ఎవరూ నేర్పనిదీ, నేను అడగనిదీ ఒకటుంది. అంకెలు నలభై దగ్గరే ఎందుకు మొదలయ్యాయంటే, అంతకంటే కింద రెంచి లోపలి స్ప్రింగు వదులైపోతుంది. అక్కడ దానికి ఏమీ తెలియదు, తెలియదని కూడా చెప్పదు. మా ఇన్‌ఛార్జి గారి లాంటిది.

"దీంతో ఇంకోసారి బిగించు" అన్నాను.

మైలవరం రెంచిని చూశాడు. బోల్టుని చూశాడు. పెన్సిలంత బోల్టు. "ఇది బస్సుది గదండీ."

"లెక్క కట్టి పెట్టాను. టక్‌మన్నాక ఆపు."

పెట్టాడు. మధ్య బోల్టు. మెల్లగా తిప్పాడు. ఆగాడు. "సార్, చెయ్యి చాలంటందండి."

"టక్‌మందా?"

"అన్లేదండి."

"అయితే చాల్లేదన్నమాట. చేతికి లెక్కలు రావు, తిప్పు."

ఇంకాస్త తిప్పాడు. టక్‌మంది. మైలవరం వెంటనే రెంచి దించాడు. రెంచితో పాటు బోల్టు తల కూడా వచ్చేసింది.

ఆ చప్పుడు నేను కోరుకున్న చప్పుడులాగే ఉంది. ఒక క్షణం సంతోషించాను కూడా. ఆ క్షణాన్ని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఇన్‌ఛార్జి గారు గుమ్మంలోంచి వచ్చారు. "ఏవిటా చప్పుడు? ఏం విరిగింది? ఎవడు విరగ్గొట్టాడు? మా మావగారి కారుది ఇన్నేళ్ళలో ఒక్క బోల్టు పోలేదు!"

రెంచి మైలవరం చేతిలో ఉంది. అతను నా వైపు చూడలేదు. "నా చేతిలో ఇరిగిందండి" అన్నాడు. అందులో అబద్ధం లేదు. చేయించిందెవరో చెప్పాల్సిన మనిషి పక్కనే ఉన్నాడు. ఆ మనిషి నోరు తెరిచాడు. అంతలో మేడం గారు మజ్జిగ గ్లాసులు పట్టుకొచ్చారు. ఆ మనిషి మజ్జిగ తాగాడు.

పెద్ద మేస్త్రీ అటు వీధిలో చుట్ట కాల్చుకుంటున్నాడు, ఏమీ చూడలేదు. ఉన్న ఒక్క సాక్షిని నేనే.

మైలవరం మళ్ళీ ఏడు బోల్టులూ విప్పి కవర్ లేపాడు. విరిగిన ముక్క బియ్యపుగింజంత పైకి కనిపిస్తోంది. మొనదేలిన, ఉలిలాంటి పంచ్ ఒకటి దాని అంచున పెట్టి, చిన్న సుత్తితో పక్కకి తట్టుతూ తట్టుతూ, కొంచెం కొంచెంగా తిప్పుతూ బయటికి తెచ్చాడు. గంటా ఇరవై నిమిషాలు. ఆ గంటా ఇరవై నిమిషాలూ ఇన్‌ఛార్జి గారు కుర్చీ వేసుకుని, "తొందరా, తొందరా! అన్నిటికీ తొందర వీడికి!" అంటూనే ఉన్నారు. తొందర లేనివాణ్ణి షెడ్డంతా వెతికినా అతనొక్కడే దొరుకుతాడు. పెద్ద మేస్త్రీ పెట్టెలో దొరికిన బోల్టుతో మళ్ళీ ఎనిమిదీ మైలవరమే బిగించాడు, రెండు వేళ్ళతో. నేను రెంచి సంచిలో పెట్టేసుకున్నాను. ఇంజను ఆన్ చేసి పావుగంట కింద పేపరు పరిచాం. సున్నా. పని లక్షణంగా అయింది. ఇన్‌ఛార్జి గారికి ఆ సున్నా కనబడలేదు. విరిగిన తల కనబడింది. దాన్ని జేబులో వేసుకున్నారు.

సోమవారం ఆ తలని తన బల్ల మీద పెట్టి, నన్ను పిలిచారు. పక్కనే మైలవరం కాయితం.

"చూశారుగా మీరే. ఏడేళ్ళ సర్వీసు, బోల్టు బిగించడం రాదు. ఇంకో ఏడాది చూద్దాం వీణ్ణి."

నేను ఏమన్నాననుకుంటున్నారు? "అలాగేనండి" అన్నాను. అప్పటికే ఆ మాట కొన్ని వేలసార్లు అని ఉంటాను, అలవాటు మీద వచ్చేసింది. బయట మైలవరం ఒక బస్సు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళ పక్క నుంచి నా సీటుకి వెళ్ళి కూర్చున్నాను. ఆ రోజు రిజిస్టర్‌లో కూడికలు మూడుసార్లు చేశాను. మూడుసార్లూ సరిగ్గానే వచ్చాయి. ఒక్కసారైనా తప్పి ఉంటే కొంచెం బాగుండేది.

మంగళవారం మధ్యాహ్నం దాకా ఆగి, ఆయన భోజనం చేసి కాస్త చల్లగా ఉన్న సమయం చూసుకుని వెళ్ళాను. ధైర్యానికి కూడా ముహూర్తం చూసుకునే రకం మేము.

"ఆ బోల్టు సంగతండీ. తప్పు నాదండి. రెంచి లెక్క నేనే తప్పు పెట్టాను. అతను చాలన్నాడు, నేనే తిప్పమన్నాను."

ఆయన పెద్దగా నవ్వారు. "మీరు లెక్క తప్పడమేంటండీ బాబూ! వాడి పిల్ల సీటు కోసం మీ నెత్తినేసుకుంటున్నారు. మంచివారండీ మీరు, మరీ మంచివారు. వెళ్ళి పని చూసుకోండి."

"కాదండీ, నిజంగానే..."

"పదిహేడో నెంబరు బస్సు సంగతి పట్టింది మీరు. మొన్న చుక్కలు లెక్కబెట్టింది మీరు. మీరే తప్పారంటే నేను నమ్మాలా?"

నిజం చెబితే మంచితనం అన్నారు. పుణ్యం కూడా వచ్చింది, ఊరికే. దాదాపు ఇరవై ఏళ్ళపాటు అంకెలు తప్పకుండా సంపాదించిన పేరు గోడలా అడ్డం నిలబడింది. దాన్ని కట్టిందీ నేనే, అవతల ఉన్నదీ నేనే.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ కూరగాయలు తరుగుతూ విని, "మాటలతో చెప్తే ఎవరు నమ్ముతారండీ మీరు తప్పు చేశారంటే? మళ్ళీ చేసి చూపించండి" అంది. వెటకారమే. కానీ అంతకంటే పనికొచ్చే సలహా నాకు ఉద్యోగంలో ఎవరూ ఇవ్వలేదు.

బుధవారం మూడింటికి షెడ్డులో బల్లకి ఉండే వైస్ దవడల మధ్య ఒక నట్టు బిగించి, అదే సైజు బోల్టు ఎక్కించాను. రెంచి పిడి నలభై దాకా తిప్పి, ఇంకో మూడు చుట్లు వెనక్కి. వెళ్ళి ఇన్‌ఛార్జి గారిని పిలుచుకొచ్చాను. 'ఒక కొత్త లెక్క చూపిస్తానండి' అన్నాను, లేకపోతే రారు. ఆయన వస్తే పెద్ద మేస్త్రీ వస్తాడు. వాళ్ళిద్దరూ వస్తే షెడ్డంతా వస్తుంది. పధ్నాలుగు మంది చేరారు. మైలవరం వెనకెక్కడో స్పానరు తుడుచుకుంటున్నాడు.

"ఆదివారం నేను పెట్టిన లెక్క ఇదేనండి. పది దగ్గర టక్‌మనాలి. చూడండి" అని, దాదాపు ఇరవై ఏళ్ళుగా ఒక నట్టైనా తిప్పని నేను, రెంచి పిడి పట్టుకుని తిప్పాను. టక్‌మనలేదు. ఇంకా తిప్పాను. రెంచిది అంత పొడవు కావడంతో నా చేతికి ఏమీ తెలియలేదు. బోల్టు తల తెగి, ఎగిరి, డీజిల్ డబ్బాకి తగిలి మోగింది. నేను తూలి బల్ల మీద పడ్డాను.

పెద్ద మేస్త్రీ కడుపు పట్టుకున్నాడు. "ఏవండోయ్ లెక్కల మేస్టారూ! బస్సు చక్రం బిగించేదాంతో ముక్కుపుడక బిగిస్తారా అండీ ఎవరైనా?"

షెడ్డు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఇన్‌ఛార్జి గారికి కళ్ళెంట నీళ్ళొచ్చాయి. "అంటే... నిజంగానే మీరేనా! అబ్బ, ఇన్నాళ్ళకి దొరికారండీ మీరు!" ఆయన ముఖంలో అంత ఆనందం నేను ఎన్నడూ చూడలేదు. తప్పు చెయ్యని మనిషి పక్కన ఇన్నేళ్ళు ఎంత ఇబ్బంది పడ్డారో పాపం.

ఆ నవ్వు దిగకముందే కాయితం ముందు పెట్టాను. నవ్వుతూనే సంతకం పెట్టారు. న్యాయం కోసమని పెట్టారని మీరు అనుకోకండి, నేననుకోలేదు. సరదాగా ఉంది, పెట్టేశారు. సరదా లేకపోయుంటే ఆ పిల్ల చదువు ఒక బోల్టు తల పక్కన, ఆ బల్ల మీదే ఉండిపోయేది.

కాయితం మైలవరానికి ఇచ్చాను. చేతులు ప్యాంటుకి తుడుచుకుని తీసుకున్నాడు. "టైమెంతైందండీ?" అని అడిగాడు.

"నాలుగూ పది."

బండి తీసుకుని కాలేజీ ఆఫీసుకి వెళ్ళిపోయాడు. ఐదింటికి పది నిమిషాల ముందు సీటు రాశారని తర్వాత ఆఫీసు గుమాస్తా చెప్పాడు.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఒకే షెడ్డులో పనిచేశాం. మైలవరం నాతో ఎప్పటిలాగే మాట్లాడాడు, అంటే తక్కువ. ఇంజను మీద అరచెయ్యి పెట్టి ఏం చెప్పినా రిజిస్టర్‌లో రాయడం మొదలుపెట్టాను. 'ఇతర విషయాలు' కాలమ్‌లో. ఆ కాలమ్ అప్పటిదాకా ఖాళీగా ఉండేది. రెంచి మీద నలభై కంటే కింద తిప్పరాదని ఎర్ర పెయింటుతో గీత గీశాను. అదొక్కటే నేను షెడ్డుకి చేసిన అసలు సేవ. నేను వచ్చేసేనాటికి పెయింటు సగం రాలిపోయింది.

నన్ను పంపించిన రోజు సభ పెట్టారు. ఇన్‌ఛార్జి గారు అప్పటికి ఇంకా పై పదవిలో ఉన్నారు. శాలువా కప్పి మైకు అందుకుని, "ఇరవై ఏడేళ్ళలో ఒక్క లెక్క తప్పని మనిషి" అన్నారు. ఆయన మర్చిపోయారు. ఆయన కళ్ళెంట నీళ్ళొచ్చేలా నవ్విన రోజు ఆయనకి గుర్తు లేదు, పదిహేడో నెంబరు బస్సు గుర్తుంది. ఆ రోజు నవ్విన పధ్నాలుగు మందిలో తొమ్మిది మంది ఆ సభలోనే ఉన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి కాదని చెప్పలేదు. శాలువా కప్పుకున్నవాడు అడ్డం చెప్పడం మర్యాద కాదు కదా.

సభ అయ్యాక మైలవరం బయట గేటు దగ్గర కనిపించాడు. ఇప్పుడు షెడ్డుకి పెద్ద మేస్త్రీ అతనే. కాస్త సరదాగా మాట్లాడదామని, శాలువా మడతపెట్టుకుంటూ అన్నాను.

"విన్నావుగా, ఒక్క లెక్కా తప్పలేదంట నేను. ఒక్కటి తప్పానని నీకూ నాకూ తెలుసు."

అతను నా చేతిలోంచి సంచి తీసుకుని, ఆటోలో పెట్టి, ఆటో అతనికి అడ్రసు చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి, ఎప్పటిలాగే మెల్లగా అన్నాడు.

"రెండండి. బోల్టొకటి. మూడు రోజులొకటి."

లెక్క సరిగ్గానే ఉంది.